కళ్ళు పోవా నాయనా?: సూక్ష్మ దారుశిల్పంపై అపోహలు – వాస్తవాలు

చేతిపనుల ప్రదర్శనల్లో నా బల్ల ముందు ఆగినవాళ్లు ముందు బొమ్మను భూతద్దంలో చూస్తారు, తర్వాత నా మొహం చూస్తారు. "ఎంత ఓపికండీ మీకు" అంటారొకరు. "కళ్ళు పోవా నాయనా?" అంటుంది వెనక నుంచి ఓ పెద్దావిడ. "ఇంకా చిన్నది చేయగలరా అన్నా?" అంటాడు కాలేజీ కుర్రాడు. ఓపిక, చూపు, సైజు: జనం మెచ్చుకునేవి ఈ మూడే. పని చేసేవాడి లెక్కలో ఇవి వెనక వరసలో ఉంటాయి. కర్ర జాతి, దాని వాటం (అంటే నార పోయే దిక్కు), ఉలి మొన, ఇవీ ముందు వరసలో కూర్చునేవి. ఆ సంగతి తెలియక కొనేవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు. నేర్చుకోవాలని వచ్చిన పిల్లలు అక్కర్లేని చోట కష్టపడి, నెల తిరక్కుండా మానేస్తున్నారు.

ఒక మాట ముందే చెప్పాలి. సూక్ష్మ కళ అనగానే బియ్యపు గింజ మీద పేరు రాయడమే చాలామందికి గుర్తొస్తుంది. దాన్ని నేను తక్కువ చేయను గానీ అది రాత. నేను చెప్పబోయేది కర్రను అన్ని వైపుల నుంచీ తొలిచి రూపం తీసే పని గురించి. గోరంత బొమ్మ నుంచి అరచేతిలో ఇమిడే మందిరం దాకా అన్నీ ఇందులోకే వస్తాయి.

అపోహ: ఈ పని చేస్తే చూపు పోతుంది

దగ్గరి పని వల్ల పెద్దవాళ్ల చూపు పోదు. వచ్చేది అలసట. తదేకంగా చూస్తున్నప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది. కన్ను ఎండి మండుతుంది, సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుంది. నలభై దాటాక దగ్గరివి మసకబారడమంటారా, అది చత్వారం. ఉలి పట్టినవాడికీ, పట్టనివాడికీ వస్తుంది.

పైగా మేం ఉత్త కంటితో కుస్తీ పట్టం, తలకు తగిలించుకునే భూతద్దం వాడతాం. రెండున్నర రెట్లు పెంచే అద్దమైతే బొమ్మ దాదాపు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మూడున్నర రెట్లదైతే 10 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిదనుకుని కొత్తవాళ్లు పది రెట్ల అద్దం కొంటారు. దానితో ముక్కు స్పష్టంగా కనిపిస్తే చెవి మసకగా ఉంటుంది, ఉలి తిప్పడానికి చోటే మిగలదు. నా పనిలో ఎక్కువ భాగం రెండున్నర రెట్ల అద్దంతోనే అయిపోతుంది. ఎక్కువ రెట్ల అద్దం పెట్టుకునేది కన్ను, పెదవి చెక్కేటప్పుడే.

అసలు దెబ్బతినేవి వేరే ఉన్నాయి: మెడ, బొటనవేలి కీలు, ఊపిరి. మెడకు మందు బల్ల ఎత్తులో ఉంది. పని రొమ్ము ఎత్తుకు రావాలి గానీ తల పని దగ్గరికి వంగకూడదు. ధూళి సంగతి ఇంకా పెద్దది. "కర్ర పొట్టే కదా, ఏమవుతుంది" అంటారు. కర్ర ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకు ముప్పు. ఉలితో తీసిన పెచ్చు కింద పడిపోతుంది. మోటారు, ఎమరీ కాగితం లేపే సన్నటి ధూళి మాత్రం గాల్లోనే తేలుతుంటుంది, మా మొహమేమో బొమ్మకు జానెడు దూరంలో ఉంటుంది. జిట్రేగి లాంటి కర్రల ధూళికి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. మూతికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. ఎన్95 మాస్కు, ధూళిని లాగే ఫ్యాను ఉండాలి. కళ్ళ గురించి అందరూ అడుగుతారు, ఊపిరి గురించి ఒక్కరూ అడగరు.

అపోహ: పుట్టుకతో చేయి వణకనివాళ్లకే ఈ పని

వణకని చేయి లోకంలో లేదు. ఆరోగ్యంగా ఉన్న ఎవరి చేతులైనా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సన్నగా అదురుతూనే ఉంటాయి. బ్రిటన్ శిల్పి విల్లర్డ్ విగన్ సూది బెజ్జంలో నిలబడే శిల్పాలు చేస్తాడు. గుండె చప్పుడుకూ చప్పుడుకూ మధ్య కోత పెడతానంటాడు. ఆ కొలతలో అది అవసరమే కావచ్చు. మా కొలతలో అంత అక్కర్లేదు.

మేం చేసేదల్లా రెండు చేతుల్నీ కలిపేయడం. ఉలి పట్టిన చేతి బొటనవేలు, బొమ్మను పట్టుకున్న చేతికి ఎప్పుడూ ఆనే ఉండాలి. అప్పుడు రెండూ కలిసే అదురుతాయి, ఉలికీ బొమ్మకూ మధ్య అదురు మిగలదు. మోచేతులు బల్ల మీద, మణికట్టు బల్ల అంచుకు బిగించిన చెక్క ముక్క మీద. బొమ్మ వేళ్లకు దొరకనంత చిన్నదైతే, కంసాలులు వాడే లక్కనే పుల్ల చివర కరిగించి దానికి అతికిస్తాం. అంతకన్నా మంచి పద్ధతి ఇంకోటుంది. పొడవాటి కర్ర చివర బొమ్మను చెక్కి, మిగతా కర్రను పిడిగా ఉంచుకుని, అంతా అయ్యాక కోసేయడం. ఇవి నేర్పితే ఏ చేతికైనా వస్తాయి. టీ ఎక్కువ తాగితే చేయి అదురుతుందన్నది మాత్రం అపోహ కాదు.

అపోహ: చిన్న బొమ్మకు మెత్తటి కర్రయితే సులువు

నేర్చుకునేవాళ్లను ఇంతగా వెనక్కి లాగే అపోహ మరొకటి లేదు. "కొండపల్లి బొమ్మలు పొనికి కర్రతోనే కదా చేస్తారు, నేనూ దానితోనే మొదలుపెడతా" అని వస్తారు. తెల్ల పొనికి తేలికది, మెత్తనిది, జానెడు బొమ్మకు ప్రాణం లాంటిది. కానీ కొండపల్లి పనివారు సన్నటి వివరమంతా కర్రలోనే తీయరు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో రూపం పూర్తి చేస్తారు, పైన సున్నం పూత వేసి కళ్లూ కనుబొమలూ కుంచెతో దిద్దుతారు. పొనికి ఆ పద్ధతికి కుదిరిన కర్ర. రంగు లేకుండా రెండు సెంటీమీటర్ల మొత్తం బొమ్మను అదే కర్రలో తీయబోతే ముక్కు దగ్గరే పొడిపొడిగా రాలిపోతుంది.

కారణం చూడాలంటే కర్రను అడ్డంగా నున్నగా కోసి భూతద్దం పెట్టండి. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకెక్కిన గొట్టాల కోతలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. టేకులో ఇవి అద్దం లేకుండానే కనిపిస్తాయి, పెద్దవి మిల్లీమీటరులో మూడో వంతు దాకా ఉంటాయి. రెండు సెంటీమీటర్ల బొమ్మకు కన్ను అర మిల్లీమీటరే. కంటి మీద సరిగ్గా ఒక గొట్టం నోరు పడిందనుకోండి, మీ ఓపికతో, చూపుతో పని లేదు, ఆ కన్ను కుదరదు. అందుకే గుమ్మాలకు రాజైన టేకు మాకు పనికిరాదు.

కావాల్సింది సన్నటి గొట్టాలు, దగ్గర దగ్గరగా నేసిన నార, గట్టిదనం. యూరప్‌లో దీనికి బాక్స్‌వుడ్ అనే కర్ర పేరు మోసింది. జపాన్‌లో ఎడో కాలంనాటి నెట్సుకేలకు కూడా దంతంతో పాటు ఆ జాతి కర్రే వాడారు. జేబుల్లేని కిమోనోకు నడికట్టు నుంచి చిన్న పెట్టె వేలాడదీయాలి కదా, అది జారకుండా తాడు చివర ఉండే బొటనవేలంత బొమ్మ నెట్సుకే. బట్టకు తగులుకోకుండా ఎక్కడా మొన బయటికి పొడవనివ్వరు. కొత్తవాళ్లకు నేను మొదట చూపించే నమూనాలు అవే.

మన అడవుల్లోనూ అలాంటి కర్ర ఉంది. పెద్ద బిక్కి చెట్టునే ఇంగ్లిష్ వాళ్లు ఇండియన్ బాక్స్‌వుడ్ అన్నారు. లేత గడ్డిరంగు, దగ్గరి నార. దువ్వెనలకు, అచ్చులు చెక్కడానికి పాత రోజుల నుంచీ వాడారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్లు వాడే కర్రల్లో బిక్కి, నర్ది ఉన్నాయి. ఏటికొప్పాక అంకుడు కర్ర కూడా నున్నటిదే, కానీ ఆ లక్క బొమ్మలు చెక్కినవి కావు, తరిణె (లేత్) మీద తిప్పినవి. శ్రీగంధం, ఎర్రచందనం కూడా మంచి కర్రలే. వాటి తలనొప్పుల గురించి కింద చెబుతాను.

ఇక వాటం. కర్ర నార పొడుగునా బలంగా ఉంటుంది, అడ్డంగా తేలిగ్గా విరుగుతుంది. పెద్ద బొమ్మలో ఇది కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది. మిల్లీమీటరు మందం చేతికి నార అడ్డంగా పడితే ఊదితే విరుగుతుంది. అందుకే గీత గీయకముందే కాళ్లు, వేళ్లు, కత్తి, త్రిశూలం ఏ దిక్కున ఉన్నాయో చూసి కర్రను తిప్పుకోవాలి. సగం పని అక్కడే అయిపోతుంది. పెన్సిల్ మొనల మీద చెక్కే డాల్టన్ గెట్టీ పేరు మీరు వినే ఉంటారు. అమెరికాలో స్థిరపడ్డ బ్రెజిల్ మనిషి, వృత్తికి వడ్రంగి. ఆయన చెక్కే గ్రాఫైట్, బంకమట్టి కలిపిన ముద్దకు వాటం లేదు, ఏ వైపు నుంచైనా ఒకటే. అది ఇంకో లోకం, దాని కష్టాలు దానివి. పెన్సిల్ మొన మీద చేయి తిరిగినవాళ్లు కర్ర పట్టుకున్న రోజు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

అపోహ: అతుకు లేకుండా ఒకే చెక్కలో చేసిందే గొప్ప

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముందు నుంచి మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక నుంచి మార్గరెట్టా అనే యువతి కనిపించే కొయ్య శిల్పం చూసి వచ్చినవాళ్లంతా నన్ను అడిగేది ఇదే: "ఇదీ ఒకే చెక్కేనా?" అది ఒకే మొద్దులో చెక్కిందే, అద్భుతమే. కానీ మనిషెత్తు శిల్పం లెక్కను గోరంత బొమ్మకు తెస్తే కుదరదు.

వేణుగోపాలుడినే తీసుకోండి. కృష్ణుడు నిలువుగా నిలబడ్డాడు, కాళ్ల కోసం నార నిలువుగా ఉండాలి. వేణువు మాత్రం అడ్డం. నిలువు నారలో అడ్డంగా తీసిన వేణువు అగ్గిపుల్ల మందం కూడా లేనప్పుడు ఎంతకాలం నిలుస్తుంది? కొనుక్కున్నాయన ఇంటికి చేరేదాకా నిలిస్తే అదృష్టం. నేను వేణువును దాని పొడుగునా నార ఉన్న ముక్కలో విడిగా చెక్కి, చేతుల్లో బెజ్జం పెట్టి దూర్చుతాను. రాముడి విల్లుదీ అదే కథ. కొందరు శిల్పులు దీన్ని ఒప్పుకోరు. వేణువును పెదవికీ, రెండు చేతులకూ ఆనించి ఉంచేస్తే ఒకే చెక్కలో నిలుస్తుందంటారు. ఆ భంగిమకు అది నిజమే, నేనూ చేశాను. కానీ బయటికి పొడుచుకొచ్చిన చివర్ల మాటేమిటి?

చరిత్ర కూడా నా వైపే ఉంది. 1500–1530 మధ్య నెదర్లాండ్స్ ప్రాంతంలో బాక్స్‌వుడ్‌లో చెక్కిన ప్రార్థనా గుళికలున్నాయి. మూత తీస్తే లోపల క్రీస్తు కథలోని ఘట్టాలు, గుర్రాలూ ఈటెలూ జనసమూహాలతో కనిపిస్తాయి. మూసేస్తే గుప్పిట్లో దాగిపోతుంది. ఆ చెక్కుడు పనిలో ఇంతవరకూ దాన్ని మించింది నేను చూడలేదు. ఎలా చేశారో శతాబ్దాలపాటు ఎవరికీ అంతుపట్టలేదు. కెనడాలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియో పరిశోధకులు వాటిని సీటీ స్కాన్ తీయించాక గుట్టు బయటపడింది. పొరలు పొరలుగా విడివిడిగా చెక్కి, ఒకదాని వెనక ఒకటి అమర్చి, గడ్డి గింజకన్నా చిన్న చెక్క మేకులతో బిగించారు. అతుకు పెట్టడం చేతకానితనం అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు నా దగ్గర లేదు. అయితే అతుకు పెట్టి, "ఒకే చెక్కండీ" అని అమ్మడం మోసం. ఆ రెండూ వేరు.

ఒకే చెక్కలో చేయడమే అసలు విషయమైన పని కూడా ఒకటుంది: గొలుసు. దాని వెనక మంత్రమేమీ లేదు. నలుచదరపు పుల్ల నాలుగు మూలలూ తీసేస్తే పుల్ల చివర కూడిక గుర్తు (+) ఆకారంలో కనిపిస్తుంది. నిలువు రెక్కలో ఒక కడియం, అడ్డ రెక్కలో తర్వాతి కడియం గీసుకుని, మధ్య కర్రను తొలుచుకుంటూ పోతే ఒకదానిలో ఒకటి దూరిన కడియాలు విడిపోతాయి. నేర్చుకునే పిల్లలకు ముందు ఇదే చేయిస్తాను. వాటం అంటే ఏమిటో నెల రోజుల ఉపన్యాసంకన్నా బాగా తెలుస్తుంది.

అపోహ: విదేశీ ఉలుల సెట్టు ఉంటేనే పని వస్తుంది

ఆన్‌లైన్‌లో కొన్న సెట్టులో అతి సన్నటి ఉలి కూడా మాకు లావే. మా ఉలులు మేమే చేసుకుంటాం. కుట్టు సూది, గొడుగు ఊచ, హ్యాక్‌సా బ్లేడు ముక్క, కాంక్రీటు మేకు, అన్నీ పనికొస్తాయి. స్టెయిన్‌లెస్ సైకిల్ పుల్ల పనికిరాదు, కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు. మిగతావాటిని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడతాయి, కానీ అప్పుడు గాజులా పుటుక్కుమంటాయి. మళ్లీ సన్నటి సెగ మీద లేత ఎండుగడ్డి రంగు వచ్చేదాకా కాచి ఆపేయాలి. నీలం దాకా పోతే పదును నిలవదు. తర్వాత సానరాయి, ఆపైన పాత బెల్టు తోలు మీద ఆకుపచ్చ పాలిష్ ముద్ద రాసి నున్నటి మొన తేవడం. కర్ర మీద కోత మెరవాలి. మెరవకపోతే తప్పు కర్రది కాదు.

ఎమరీ కాగితం గురించి ఒక్క మాట. చిన్న బొమ్మకు అది శత్రువు. అంచులన్నీ తినేసి మొహాన్ని సబ్బు బిళ్లను చేస్తుంది. మంచి సూక్ష్మ శిల్పం మీద ఉలి కోతలే చివరి మెరుగు.

అపోహ: ఇప్పుడంతా మెషీన్లే, చేత్తో ఎవరు చేస్తారు?

మెషీన్ నేనూ వాడతాను. దంతవైద్యులు వాడే రకం మైక్రో మోటారు నిమిషానికి 35,000 చుట్లు దాకా తిరుగుతుంది. అనవసరపు కర్రను తీసేయడానికి దానిది మంచి చేయి. మొహం దగ్గరికి రానివ్వను. ఆ వేగానికి కర్ర మాడుతుంది, పైగా ఎంత లోతు పోతోందో వేలికి తెలియదు.

సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే చెక్కుడు మెషీన్, దాని సంగతి వేరు. పైనుంచి దిగే మామూలు సీఎన్‌సీ మొన తన మందంకన్నా సన్నటి సందులోకి పోలేదు, చెవి వెనక్కి, చేయి కిందికి తిరగలేదు. కాబట్టి కొనేటప్పుడు బొమ్మను తిప్పి ఆ చోట్లే చూడండి. పల్లాల్లో సమాన దూరంలో సన్నటి మెట్ల గీతలుంటే అది మెషీన్ పని. పక్కనున్న బొమ్మ అచ్చు గుద్దినట్టు ఉన్నా అంతే. మెషీన్ పని తప్పు కాదు, చేతిపని ధరకు అమ్మడం తప్పు. ఇక కర్ర పొడిని రెజిన్‌తో కలిపి అచ్చులో పోసినవి ఉంటాయి. వాటికి పక్కన అచ్చు అతుకు గీత ఉంటుంది, అడుగున చూస్తే నార ఉండదు.

అపోహ: వాసన వస్తే గంధం, ఎర్రగా ఉంటే ఎర్రచందనం

గంధం వాసన చేవలోని (కర్ర నడిమి గట్టి భాగంలోని) నూనెది. బయటి తెల్లకర్రకు వాసన దాదాపు ఉండదు. అలాంటి తెల్లకర్రకో, మరో లేతరంగు కర్రకో నూనె పట్టించి గంధమని అమ్ముతారు. బల్లకు రెండు బారల దూరంలోనే గుప్పుమంటుంటే అనుమానించండి. అసలు చేవ బొమ్మ పాతబడేకొద్దీ పైపైన వాసన తగ్గుతుంది, అడుగున కొద్దిగా గీకితే మళ్లీ వస్తుంది.

ఎర్రచందనం మంచి చేవ ముక్క నీళ్లలో మునిగేంత బరువు. దాని రంగు స్పిరిట్‌లో కరుగుతుంది గానీ మామూలు నీళ్లలో కరగదు. తడిగుడ్డతో తుడవగానే గుడ్డ ఎర్రబడితే అది అద్దకం. శేషాచలం, వెలిగొండ, నల్లమల లాంటి తూర్పు కనుమల దక్షిణ కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టు ఇది. ముప్పులో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. శిల్పి కూడా అటవీశాఖ అనుమతులున్న కర్రే కొనాలి. తిరుపతి జిల్లా ఏర్పేడు దగ్గర మాధవమాల లాంటి శిల్పుల ఊళ్లలో ఈ కాగితాల విలువ పిల్లలకు కూడా తెలుసు. అమెరికా, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మనవాళ్లు "చిన్న బొమ్మే కదా, సూట్‌కేసులో పడేసుకుంటా" అంటారు. సైజును బట్టి చట్టం మారదు. బిల్లు, అనుమతి కాగితం, అవతలి దేశపు నిబంధన, ఈ మూడూ చూసుకోకుండా ఎర్రచందనం బొమ్మను విమానం ఎక్కించకండి. బిక్కి బొమ్మ తీసుకెళ్లండి, నా మాట వినండి, పనితనం దానిలోనే బాగా కనిపిస్తుంది.

అపోహ: ఇది కులవృత్తి, అందులోనూ మగవాళ్ల పని

ఉదయగిరి వెళ్లి చూడండి. అక్కడ చెక్క పని పట్టినవాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాల మహిళలు. ఇంతకన్నా రాయడం అనవసరం.

అపోహ: చిన్నది కాబట్టి ధర తక్కువ ఉండాలి

ధర కర్రకు కాదు, పోయిన బొమ్మలకు. చివరి రోజున వేలు విరిగిన బొమ్మ పొయ్యిలోకే పోతుంది, దాని కూలి నిలబడ్డ బొమ్మ మీదే పడుతుంది. అలాగని ఎంత చిన్నదైతే అంత ఎక్కువ ధర అన్నదీ సరైన లెక్క కాదు. రికార్డు కోసం చేసిన వాటిలో చాలా వాటికి సైజు తప్ప చెప్పుకోదగ్గది ఉండదు. భూతద్దంలో చూసినప్పుడు ఆ మొహంలో భావం ఉందా, నిలబడ్డ తీరులో బరువు ఒక కాలి మీదకు వచ్చిందా? ఇవి లేకపోతే సూదిమొన మీద ఉన్నా నాకు వద్దు.

అపోహ: చిన్న బొమ్మలు తొందరగా బీటలు వారతాయి, నూనె రాస్తూ ఉండాలి

నిజానికి తిరగబడ్డ మాట ఇది. కర్ర గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పొడుగునా దాదాపు మారదు, అడ్డంగానే మారుతుంది. పెద్ద దుంగలో పైభాగం ఆరి లోపల పచ్చిగా ఉండటం వల్ల లాగుడు పుట్టి బీట వస్తుంది. చిన్న బొమ్మ లోపలా బయటా ఒకేసారి ఆరుతుంది కాబట్టి ఆ బెడద తక్కువ. బీటలు వచ్చేది మందిరాలకు, పెట్టెలకు, పీఠాలకు. ఒక పలక నార నిలువు, ఇంకోదాని నార అడ్డం పెట్టి గట్టిగా అతికిస్తే, విశాఖ తేమలో చేసిన మందిరం చికాగో చలికాలపు హీటరు గాలికి చిట్లుతుంది. దూరదేశానికి వెళ్లే మందిరాలకు నేను పీఠాన్ని జిగురుతో బిగించను, గాడిలో వదులుగా కూర్చోబెడతాను.

నూనె రాయకండి, దుమ్ము పట్టి సందుల్లో జిగటగా కూర్చుంటుంది. తడిగుడ్డ వద్దు. మెత్తటి పొడి కుంచెతో, పైనుంచి కిందికి దులిపితే చాలు. ఎండ పడే కిటికీలో, ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి. ముక్క ఊడితే మాత్రం వెంటనే ఫెవిక్విక్ అందుకోవద్దు. అది నారలోకి ఇంకి నల్లటి మరక చేస్తుంది, తర్వాత మామూలు కర్ర జిగురు అక్కడ పట్టదు. ఊడిన ముక్కను, అది ఆవగింజంత ఉన్నా సరే, తెల్ల కాగితంలో మడిచి, అగ్గిపెట్టెలో వేసి చేసినవాడి దగ్గరికి తీసుకెళ్లండి. విరిగిన ముఖాలు రెండూ ముట్టుకోకుండా ఉంటే అతుకు ఎక్కడుందో మీకు కూడా కనపడకుండా చేయవచ్చు.